పొట్టి బెడ్ పికప్‌కు ఫిఫ్త్ వీల్ హిచ్: స్థిరమైనదా, జరిగేదా, అల్యూమినియందా?

ఫ్రిస్కో_బాటసారి
మూడేళ్లు వాడిన 32 అడుగుల ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌ను, అంటే పికప్ వెనుక తొట్టిలో తగిలించి లాగే నివాస ట్రైలర్‌ను, గత నెలలో ఒక కుటుంబం దగ్గర కొన్నాను. మా కాలనీ సంఘం దానిని ఇంటి ముందు నిలపనివ్వదు కనుక ప్రస్తుతం మెకిన్నీ దగ్గర అద్దె స్థలంలో ఉంచాను. లాగవలసినది నా ముప్పావు టన్ను (అది తరగతి పేరే, మోసే బరువు కాదు) డీజిల్ పికప్. దాని బెడ్ (వెనుక తొట్టి) ఆరడుగుల తొమ్మిది అంగుళాలు, ఫ్యాక్టరీ నుంచే బెడ్ మధ్యలో గూస్‌నెక్ బాల్ (ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) దిగే రంధ్రమూ, చుట్టూ హిచ్ కాళ్లు దిగే నాలుగు పక్‌లూ ఉన్నాయి. ట్రైలర్ స్టిక్కరు మీద గరిష్ఠ బరువు 12,800 పౌండ్లు, ఖాళీ బరువు 10,300 పౌండ్లు అని ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు పిన్ బరువు, అంటే ట్రైలర్ ముక్కు ట్రక్కు మీద మోపే బరువు, 1,950 పౌండ్లు అని కరపత్రంలో ఉంది.

హిచ్ (ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే పరికరం) విషయంలో ముగ్గురు మూడు మాటలు చెప్పారు. దుకాణం వారు పొట్టి బెడ్‌కు స్లైడర్ (వెనక్కి జరిగే హిచ్) తప్పనిసరి అన్నారు. మా ఆఫీసు మిత్రుడు మామూలు స్థిరమైన హిచ్ చాలన్నాడు. మా బావగారు నలభై పౌండ్లు కూడా తూగని అల్యూమినియం హిచ్ ఉండగా ఆ ఇనుప గుదిబండ ఎందుకన్నారు. రెండు వేల డాలర్ల వరకు పెట్టగలను. జులైలో పిల్లలతో అమరిల్లో, రటోన్ మీదుగా కొలరాడో వెళ్లాలని సంకల్పం. నిజంగా వాడుతున్నవారు ఏది వాడుతున్నారో చెప్పగలరు.

ఆరుచక్రాలు
డ్రైవర్ తలుపు తెరిస్తే చట్రం మీద పసుపు, తెలుపు రంగుల స్టిక్కరు ఒకటి ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లకు మించరాదని దాని మీద ఒక అంకె ఉంటుంది. హిచ్ సంగతి తరువాత మాట్లాడుకుందాం, ముందు ఆ అంకె చెప్పండి. మీరు ఇచ్చిన వివరాలలో ముఖ్యమైనది అదొక్కటే లేదు.

సగంటన్ను
హిచ్ అడిగిన మనిషిని మొదటి జవాబులోనే తలుపు దగ్గరకు పంపించారు. ఈ వేదికలో టైరు గురించి అడిగినా చివరికి ఆ స్టిక్కరు దగ్గరకే చేరతామని నాకు ముందే తెలుసు.

పిన్నీసు
స్టిక్కరు సంగతి ఆరుచక్రాలు గారికి వదిలి, నేను స్లైడర్ ప్రశ్నకు జవాబిస్తాను, ఎందుకంటే ఈ పాఠానికి నేను ఒక వెనుక అద్దాన్ని ఫీజుగా చెల్లించాను.

ఫిఫ్త్ వీల్ ట్రైలర్ ముక్కు బెడ్ మీదకు వస్తుంది, దాని కింద ఉన్న కింగ్‌పిన్ హిచ్‌లో కూర్చుంటుంది. నేరుగా వెళ్తున్నంతసేపు ఏ ఇబ్బందీ లేదు. ట్రక్కు, ట్రైలర్ మధ్య కోణం తొంభై డిగ్రీలకు దగ్గరయ్యేసరికి ట్రైలర్ ముందు మూల క్యాబ్ వైపు తిరుగుతుంది. ట్రైలర్లు 96 లేదా 102 అంగుళాల వెడల్పు ఉంటాయి, అంటే పిన్ నుంచి పక్కకు సగం వెడల్పు 48 లేదా 51 అంగుళాలు. ఎనిమిదడుగుల బెడ్ ఉన్న ట్రక్కులో పిన్ నుంచి క్యాబ్ వరకు అంతకన్నా ఎక్కువ చోటు దొరుకుతుంది, పొట్టి బెడ్‌లో దొరకకపోవచ్చు. స్లైడర్ చేసే పనల్లా ఆ తిరుగుడు స్థానాన్ని కొన్ని అంగుళాలు వెనక్కి జరపడం.

అది రెండు రకాలు. చేతితో జరిపే దానిలో, మలుపుకు ముందు ఆగి, దిగి, లీవర్ లాగి, ట్రైలర్ బ్రేకులు పట్టి ఉంచి ట్రక్కును మెల్లగా ముందుకు పోనివ్వాలి. అప్పుడు హిచ్ వెనక్కి జరిగి తాళం పడుతుంది. పని అయ్యాక మళ్లీ ముందుకు జరిపి రోడ్డెక్కాలి. పుల్‌రైట్ సూపర్‌గ్లైడ్ వంటి స్వయంచాలక రకాలు మలుపు తిరుగుతున్నప్పుడు తమంతట తామే జరుగుతాయి, కాని వాటికి కింగ్‌పిన్‌కు బిగించే ప్రత్యేకమైన పలక కావాలి, ధర ఎక్కువ, బరువూ ఎక్కువ.

నేను చేతి రకం కొన్నాను. ఒక సాయంత్రం వాన పడుతుండగా చెట్ల మధ్య ఇరుకైన చోట వెనక్కి పెడుతూ, దిగి లీవర్ లాగడానికి బద్ధకించాను. వెనుక అద్దం పగిలిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. కాబట్టి మీ స్వభావంలో బద్ధకం ఉంటే చేతి స్లైడర్ ఉన్నా లేనట్టే.

ఇరుసు
పిన్నీసు గారు చెప్పినదంతా నిజమే కాని అందరికీ వర్తించదు. ఇటీవలి ట్రైలర్లలో చాలావాటికి ముందు మూలలు లోపలికి నొక్కినట్టుగా ఉంటాయి, కింగ్‌పిన్‌ను పట్టి ఉంచే పిన్ బాక్సు కూడా పొడవుగా ఉంటుంది. కింగ్‌పిన్‌కు ఒక దారం కట్టి, దాని రెండో కొస పట్టుకుని ముక్కు చుట్టూ నడిచి, అతి దూరంగా ఉన్న బిందువు ఎన్ని అంగుళాలో కొలవండి. తరువాత ట్రక్కులో హిచ్ మధ్య స్థానం నుంచి క్యాబ్ వెనుక గోడ వరకు కొలవండి. దారం పొడవు తక్కువైతే స్లైడర్ డబ్బు మిగిలినట్టే.

కాడెడ్లబండి
మా పల్నాడులో బండి తోలే ప్రతివాడికీ తెలిసిన లెక్క ఇది. బస్తాలు ముందుకు జరిపితే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుంటుంది, వెనక్కి జరిపితే కాడి పైకి లేస్తుంది. రెండింటికీ మధ్య ఒక చిన్న ముందు మొగ్గు ఉండాలి. ట్రైలర్ కూడా అంతే. బంపరుకు తగిలించే ట్రైలర్‌లో ముందు మొగ్గు మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ఉంటే చాలు. ఫిఫ్త్ వీల్‌లో అది పదిహేను నుంచి ఇరవై అయిదు శాతం వరకు ఉంటుంది. ఆ బరువు బంపరు వెనుక వేలాడకుండా వెనుక ఇరుసు మీదో, దానికి కొంచెం ముందో నిలువుగా దిగుతుంది కనుకనే ఈ ట్రైలర్లు తోక ఊపకుండా అంత నిలకడగా వస్తాయి. అయితే ఎద్దు మెడ మీద పడేది కూడా ఎక్కువే.

పేరు సంగతి కూడా చెప్పి వదిలేస్తాను. గుర్రపు బండ్ల ముందు ఇరుసు అటూ ఇటూ తిరగడానికి దాని మీద అడ్డంగా పడుకోబెట్టిన చక్రం ఒకటి ఉండేది, నాలుగు చక్రాల బండికి అది అయిదోది. ఆ పేరే మిగిలిపోయింది. మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఆ అయిదో చక్రం ఎక్కడ ఉందని ట్రైలర్ చుట్టూ రెండుసార్లు తిరిగి లెక్కపెట్టారు.

ఫ్రిస్కో_బాటసారి
స్టిక్కరు చూశాను. 2,480 పౌండ్లు అని ఉంది. ట్రక్కు గరిష్ఠ బరువు 10,000 పౌండ్లు, వెనుక ఇరుసు పరిమితి 6,200 పౌండ్లు. కాని అమ్మిన వారు ఈ ట్రక్కు పదిహేను వేల పౌండ్లు అవలీలగా లాగుతుందని చెప్పారు, కంపెనీ పుస్తకంలో కూడా అంతకు తక్కువ లేదు. అందుకే ఆ అంకె గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

తూకంరాయి
లాగడం వేరు, మోయడం వేరు. ఇంజన్ లాగుతుంది, స్ప్రింగులు మోస్తాయి. ఫిఫ్త్ వీల్ కొన్నవారిలో ఎక్కువ మందికి ముందుగా అయిపోయేది మోసే శక్తే. డీజిల్ ఇంజన్ బరువైనది కనుక అదే ట్రక్కు పెట్రోల్ రకంతో పోలిస్తే దాని పేలోడ్ (మోయగల బరువు) ఇంకా తక్కువగా ఉంటుంది. ఇది చాలామందికి తలకిందులుగా తోస్తుంది.

లెక్క చూడండి. స్టిక్కరు అంకెలో నిండు ట్యాంకు ఇంధనం ముందే తీసివేసి ఉంటుంది, మనుషులు ఉండరు. మీ నలుగురి బరువు ఎంత?

ఫ్రిస్కో_బాటసారి
నలుగురం కలిపి 560 పౌండ్లు. బెడ్‌లో పనిముట్ల పెట్టె 40 పౌండ్లు ఉంటుంది.

తూకంరాయి
అయితే మిగిలినది 1,880. కరపత్రంలో రాసే ఖాళీ పిన్ బరువే 1,950. బండి కదలకముందే మీరు 70 పౌండ్లు అప్పులో ఉన్నారు, అదీ హిచ్ ఇంకా బెడ్‌లో పెట్టకుండానే. ట్రైలర్‌ను 12,000 పౌండ్ల వరకు నింపి, ఇరవై శాతం పిన్ మీద పడిందనుకుంటే 2,400 అవుతుంది. మామూలు ఉక్కు హిచ్ రెండు వందల పౌండ్లు అనుకుంటే మొత్తం 720 పౌండ్లు ఎక్కువ. మీ బావగారి అల్యూమినియం హిచ్ పెడితే అది 560కి తగ్గుతుంది. హిచ్ మార్చి తీర్చుకోగల లోటు కాదు ఇది.

సగంటన్ను
ఆ 560 పౌండ్లు సరిగ్గా మీ కుటుంబం బరువుతో సమానం. అల్యూమినియం హిచ్ కొని, మీ నలుగురూ వేరే కారులో వెనుక వస్తే లెక్క సరిపోతుంది. ట్రక్కును ఎవరు నడుపుతారని మాత్రం నన్ను అడగవద్దు.

ఇరుసు
తూకంరాయి గారితో ఇక్కడే విభేదిస్తాను. 10,000 పౌండ్లు అనే అంకె స్ప్రింగుల నుంచి పుట్టినది కాదు. అమెరికాలో వాహనాల తరగతులలో 8,501 నుంచి 10,000 వరకు ఒక తరగతి, 10,001 నుంచి 14,000 వరకు దాని పై తరగతి. తయారీదారులు ముప్పావు టన్ను ట్రక్కును ఆ గీత కింద ఉంచడానికే సరిగ్గా గుండ్రటి పదివేలు రాస్తారు. ఇరుసు పరిమితి 6,200, టైర్ల పరిమితి వీటిని చూడాలి. నా టైర్ల మీద 80 పీఎస్ఐ గాలి పీడనం వద్ద ఒక్కొక్కటి 3,640 పౌండ్లు మోయగలదని ఉంది, రెండూ కలిపి 7,280. వెనుక ఇరుసు 6,200 దాటనంతవరకు నేను నిశ్చింతగా నిద్రపోతాను.

తూకంరాయి
ఆ అంకె తరగతి గీత నుంచే వచ్చిందని మీరు ఊహిస్తున్నారు, తయారీదారు మీకు అలా రాసి ఇవ్వలేదు. బ్రేకులు, చట్రం, ముందు ఇరుసు, చల్లార్చే వ్యవస్థ, వీటిలో ఏది ఎంతకు ఓర్చుకుంటుందో మీకూ నాకూ తెలియదు. కంపెనీ తన పేరు పెట్టి రాసిన అంకెను కాదని, టైరు మీద అంకెను మాత్రం నమ్మడంలో తర్కం కనిపించడం లేదు. రటోన్ కనుమ దిగువన ట్రైలర్ బ్రేకులు పనిచేయని రోజున మీ నిద్ర సంగతి చూద్దాం.

ఇరుసు
నేను పదకొండేళ్లుగా ఇలాగే లాగుతున్నాను, ఏమీ కాలేదు.

పిన్నీసు
ఏమీ కానంతవరకు ఎవరికీ ఏమీ కాదు. మీ ఇద్దరి వాదం ఈ వేదికలో నేను చేరిన నాటి నుంచి నడుస్తోంది. ఊహించిన పిన్ బరువు మీద వాదించుకోవడం మాని, ఆయనను తూయించుకోమని చెబితే మంచిది.

ఆరుచక్రాలు
నేను సెలైనాలో ఉంటాను, మెకిన్నీ నాకు దగ్గరే. నా ట్రక్కు వెనుక జంట టైర్లున్న ఒక టన్నుది, బెడ్‌లో హిచ్ ఉండనే ఉంది. బాటసారి గారు ప్రయాణానికి సర్దినట్టే ట్రైలర్‌ను సర్ది ఉంచితే, ఈ శనివారం దానిని క్యాట్ తూకం (లారీలను తూచే కాటా) ఉన్న ట్రక్ స్టాపుకు నేనే లాగుతాను. ఆ తూకంలో మూడు పలకలు ఉంటాయి: ముందు చక్రాలు ఒకదాని మీద, వెనుక చక్రాలు ఇంకొకదాని మీద, ట్రైలర్ చక్రాలు మూడోదాని మీద నిలపాలి. తరువాత ట్రైలర్‌ను పార్కింగులో వదిలి ట్రక్కును మాత్రమే మళ్లీ తూయిస్తే, రెండింటి తేడాయే పిన్ బరువు. ఇందులో ఊహకు తావు లేదు. కాఫీ ఖర్చు మాత్రం బాటసారి గారిది.

కొత్తగాచేరాను
ట్రైలర్ దిగువన ఒక అడాప్టర్ బిగించి, హిచ్ అసలు లేకుండా నేరుగా గూస్‌నెక్ బాల్‌కే తగిలించవచ్చని విన్నాను. అప్పుడు బెడ్ మొత్తం ఖాళీగా ఉంటుంది, బరువూ తగ్గుతుంది కదా, ఎవరూ ఆ మాట ఎందుకు ఎత్తలేదు?

కాడెడ్లబండి
ఎత్తకపోవడానికి కారణం ఉంది. ఫిఫ్త్ వీల్ ట్రైలర్ చట్రాన్ని కింగ్‌పిన్ ఎత్తులో లాగడానికి తయారుచేస్తారు. మీరు చెప్పిన అడాప్టర్ ఆ లాగే బిందువును బెడ్ అడుగుకు దించుతుంది. కర్ర పొడవు పెరిగితే గునపం బలం పెరిగినట్టు, బ్రేకు వేసిన ప్రతిసారీ, బయలుదేరిన ప్రతిసారీ పిన్ బాక్సు అతుకుల మీద మెలి పెరుగుతుంది. అందుకే కొందరు చట్రం తయారీదారులు అటువంటి అడాప్టర్ వాడితే వారంటీ చెల్లదని రాస్తారు. ఆ మెలిని తగ్గించేలా పిన్ బాక్సునే మార్చివేసే రకాలు వేరే ఉన్నాయి. ఏది బిగించినా ముందు మీ ట్రైలర్ పుస్తకంలో ఆ పేజీ చదవండి.

అండర్సన్ అల్టిమేట్ వంటి తేలిక హిచ్‌ను దీనితో కలిపి చూడవద్దు. అందులో బాల్ బెడ్‌కు పైన, పిన్ ఎత్తుకు దగ్గరలోనే ఉంటుంది, కింగ్‌పిన్‌కు ఒక కప్పు బిగుస్తుంది. గ్రీజు మరకలు తక్కువ, ఒక్కరే ఎత్తి పక్కన పెట్టవచ్చు. నాకు నచ్చని విషయం ఒక్కటే: తగిలించేటప్పుడు బాల్ కప్పులోకి దిగిందో లేదో ట్రక్కు పక్క నుంచి కనిపించదు, బెడ్‌లోకి తొంగి చూడాలి. కింగ్‌పిన్‌ను దవడలతో పట్టే మామూలు హిచ్‌లో లీవర్ స్థానం చూస్తే తెలుస్తుంది.

ఆరుచక్రాలు
లీవర్ చూసి నమ్మవద్దని నా మనవి. ఓక్లహోమాలో ఒక శిబిర స్థలంలో లీవర్ మూసుకున్నట్టే కనిపించింది. ట్రైలర్ కొంచెం ఎత్తుగా ఉండడం వలన కింగ్‌పిన్ దవడల మధ్యకు రాక వాటి మీద కూర్చుంది. జాకీలు ఎత్తి పది అడుగులు కదిలానో లేదో ట్రైలర్ ముక్కు నా బెడ్ గోడల మీద పడింది. రెండు గోడలూ అప్పడంలా వంగాయి. తప్పు పూర్తిగా నాదే, ఎందుకంటే లాగి చూసే పరీక్ష చేయలేదు.

ఆ పరీక్ష ఇది. తగిలించిన తరువాత ట్రైలర్ చక్రాల కింద అడ్డుదిమ్మలు తీయకుండా, జాకీలు నేలకు ఆనీ ఆననట్టు ఉండగానే, ట్రైలర్ బ్రేకును క్యాబ్‌లోని మీటతో చేతితో పట్టి ట్రక్కును మెల్లగా ముందుకు లాగాలి. ట్రక్కు కదలకుండా కుంగితే తాళం పడినట్టు. ఊడిపోయినా జాకీల మీద నిలబడుతుంది, ఒక అంగుళం కిందికి దిగుతుంది, అంతే. తరువాత దిగి టార్చిలైటుతో దవడలు పిన్ మెడ చుట్టూ మూసుకున్నాయో లేదో కళ్లతో చూడాలి. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పట్టించే తీగను ట్రక్కుకు కట్టాలి, హిచ్‌కు కట్టకూడదు. హిచ్‌తో సహా ఊడితే ఆ తీగ ఉన్నా లేనట్టే.

సగంటన్ను
టెయిల్‌గేట్ దించడం మరిచిపోవద్దని కూడా ఎవరైనా రాయండి. నేను రాయలేను, నాకు ఇంకా బాధగా ఉంది.

పిన్నీసు
మీది బంపరుకు తగిలించే ట్రైలర్ కదా, మీ టెయిల్‌గేట్‌కు ఏమైంది?

సగంటన్ను
మా తోడల్లుడి ఫిఫ్త్ వీల్‌ను ఆయన ట్రక్కు నుంచి విడదీయడానికి సాయం చేశాను. ఆయన ముందుకు పోనివ్వమన్నారు, నేను పోనిచ్చాను. ఇద్దరిలో ఒక్కరికీ వెనుక తలుపు గుర్తు రాలేదు. ఆ పండుగకు మమ్మల్ని భోజనానికి పిలవలేదు.

ఫ్రిస్కో_బాటసారి
తూకం అయింది. ఆరుచక్రాలు గారికి ఎంత చెప్పినా తక్కువే. కాఫీయే కాక మా ఇంట్లో పెసరట్టు కూడా జరిగింది.

ట్రైలర్ తగిలించి ఉండగా ఆయన ట్రక్కు ముందు ఇరుసు 5,020, వెనుక ఇరుసు 6,230, ట్రైలర్ ఇరుసులు 9,310 పౌండ్లు వచ్చాయి. ట్రక్కు ఒక్కటే 8,960 తూగింది. అంటే పిన్ బరువు 2,290. ట్రైలర్ మొత్తం 11,600, అందులో పిన్ వాటా దాదాపు ఇరవై శాతం. నీళ్ల ట్యాంకు ఖాళీగానే ఉంది. నింపి ఉంటే గ్యాలన్‌కు ఎనిమిది పౌండ్ల పైచిలుకు చొప్పున ఇంకా పెరిగేది. ముందు అరలో మా ఆవిడ వెట్ గ్రైండరు, రెండు బియ్యం బస్తాలు ఉన్నాయని తూకం చీటీ చూశాకే నాకు తెలిసింది.

నా ట్రక్కును కూడా అక్కడే కుటుంబంతో తూయించాను. ముందు 4,780, వెనుక 3,340, మొత్తం 8,120. దీనికి పిన్ 2,290, హిచ్ రెండు వందలు కలిపితే 10,610. పరిమితి కంటే 610 ఎక్కువ. వెనుక ఇరుసు మీద మాత్రం సుమారు 5,830, అది 6,200 లోపే. తూకంరాయి గారూ నెగ్గారు, ఇరుసు గారూ నెగ్గారు, నేను ఓడిపోయాను.

ఇరుసు
నా మాట ప్రకారం మీరు వెళ్లవచ్చు. అయినా నిజాయితీగా ఒక మాట చెబుతాను. నేను లాగేటప్పుడు నాతో నా భార్య తప్ప ఎవరూ ఉండరు, నా ట్రైలర్ గరిష్ఠ బరువు 10,500 మాత్రమే, పైగా నేను కొండల వైపు వెళ్లను. ఇద్దరు పిల్లలతో, మొదటిసారిగా, 7,834 అడుగుల రటోన్ మీదుగా, 610 ఎక్కువతో వెళ్లమని నేను కూడా చెప్పను.

తూకంరాయి
ఇరుసు గారి నుంచి ఈ మాట వస్తుందని నేను అనుకోలేదు. ఈ తేదీని కాలెండరులో రాసుకుంటున్నాను.

పిన్నీసు
నేను కొలరాడో స్ప్రింగ్స్‌లో ఉంటాను, ఆ కనుమ నాకు అలవాటే. ఎక్కడం సమస్య కాదు, ఈనాటి డీజిల్ ఇంజన్లు ఎక్కిస్తాయి. దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజన్ పొగను అడ్డగించి వేగం తగ్గించేది) ఉన్నా, వెనుక నుంచి ఆరు టన్నులు తోస్తున్న సంగతి నడుముకు తెలుస్తుంది. ఇక అక్కడి నుంచి పశ్చిమంగా వుల్ఫ్ క్రీక్ కనుమ వైపు వెళ్లాలనుకుంటే అది 10,800 అడుగుల పైన ఉంటుంది, దానితో పోలిస్తే రటోన్ ఒక స్పీడ్ బ్రేకరు. గ్రైండరు ఇంట్లో వదలండి, మా ఇంట్లో ఒకటి ఉంది.

ఆరుచక్రాలు
ట్రక్కు మార్చాలనుకుంటే నన్ను చూసి జంట టైర్ల బండి కొనవద్దు. దానికి టెక్సస్‌లో ఒక మెలిక ఉంది. ట్రక్కు, ట్రైలర్ గరిష్ఠ బరువులు కలిపి 26,001 పౌండ్లు లేదా అంతకు పైన ఉండి, ట్రైలర్ ఒక్కటే 10,000 దాటితే, సొంత వినోదానికే అయినా వాణిజ్యేతర క్లాస్ ఎ లైసెన్సు కావాలి. నా ట్రక్కు గరిష్ఠ బరువు 14,000. దానికి మీ 12,800 కలిపితే 26,800. నేను ఆ లైసెన్సు కోసం నా ట్రైలర్‌నే తీసుకువెళ్లి పరీక్ష ఇచ్చాను, వెనక్కి పెట్టే పరీక్షలో చెమటలు పట్టాయి. ఒంటి టైర్ల ఒక టన్ను ట్రక్కులలో 11,500 ప్రాంతంలో గరిష్ఠ బరువు ఉన్నవి దొరుకుతాయి. వాటితో మీ మొత్తం 24,300 అవుతుంది, మీ దగ్గరున్న మామూలు లైసెన్సు చాలు.

శాక్రమెంటో_సారథి
కాలిఫోర్నియా లెక్క వేరు కనుక ఇక్కడివారు పై మాటను పట్టుకుని బయలుదేరవద్దు. ఇక్కడ ఫిఫ్త్ వీల్ ట్రైలర్ గరిష్ఠ బరువు 10,000 దాటి 15,000 వరకు ఉంటే మామూలు లైసెన్సు మీద అదనపు అనుమతి తీసుకోవాలి, 15,000 దాటితే వాణిజ్యేతర క్లాస్ ఎ తప్పదు. ట్రక్కు బరువుతో నిమిత్తం లేకుండా ట్రైలర్ బరువునే చూస్తారు.

ఫ్రిస్కో_బాటసారి
నిర్ణయం తీసుకున్నాను, రాసి పెడుతున్నాను. ఇరుసు గారు చెప్పిన దారం కొలత కూడా చేశాను. ట్రైలర్ మూల వరకు 50 అంగుళాలు, నా ట్రక్కులో హిచ్ రావలసిన చోటు నుంచి క్యాబ్ వరకు 46 అంగుళాలు. కాబట్టి ఈ ట్రక్కు ఉంచుకుంటే దుకాణం వారి మాటే నిజం, స్లైడర్ కావలసిందే. అయితే స్లైడర్ బరువు ఎక్కువ కనుక ఇప్పటికే చాలని పేలోడ్ ఇంకా తగ్గుతుంది. ఈ రెండు చిక్కులకూ ఎనిమిదడుగుల బెడ్ ఉన్న ఒంటి టైర్ల ఒక టన్ను ట్రక్కే విరుగుడుగా కనిపిస్తోంది. దానికైతే స్లైడర్ అవసరం లేదు, మామూలు స్థిరమైన హిచ్ చాలు. జులై ప్రయాణం సెప్టెంబరుకు వాయిదా పడింది. ఈలోగా ఒక వారాంతం టెక్సోమా చెరువు ఒడ్డున ఐసెన్‌హోవర్ స్టేట్ పార్కుకు ట్రైలర్‌ను ఆరుచక్రాలు గారు లాగుతారు, మేము వెనుక కారులో వెళ్తాము.

హిచ్ మాత్రం ఇప్పుడే కొనవచ్చా? ఒకచోట వాడినది మంచి ధరకు దొరుకుతోంది.

ఇరుసు
పక్‌లలో దిగే రకమైతే ఆగండి. పక్‌ల అమరిక ఫోర్డ్‌కు ఒకటి, ర్యామ్‌కు ఒకటి, జీఎంకు ఒకటి. మీరు ఏ ట్రక్కు కొంటారో తెలియకుండా ఆ కాళ్లు కొంటే అవి గరాజులో మూల కూర్చుంటాయి. బి అండ్ డబ్ల్యూ కంపానియన్ వంటివాటిలో బెడ్ మధ్యనున్న గూస్‌నెక్ రంధ్రంలో ఒకే స్తంభం మీద బిగుసుకునే రకం ఉంది. దానిని తీసేస్తే బెడ్ చదునుగా ఖాళీ అవుతుంది, వేరే ట్రక్కుకు మార్చడమూ కొంత సులువు. అప్పుడు కూడా ఆ ట్రక్కులోని రంధ్రానికి సరిపోయే భాగాన్నే అడగాలి. బెడ్‌కు రంధ్రాలు చేసి బోల్టులతో బిగించే పట్టాల రకం అన్నిటికంటే చవక, చాలా కంపెనీల హిచ్‌లు వాటిలో దిగుతాయి, కాని ట్రక్కు అమ్మేటప్పుడు ఆ రంధ్రాల గురించి జవాబు చెప్పుకోవాలి.

తూకంరాయి
హిచ్ మీద 20,000 అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, దాని నిలువు బరువు పరిమితి వేరుగా చిన్న అక్షరాలతో ఉంటుంది. ఆ రెండో అంకె 2,290కి బాగా పైన ఉండేటట్టు చూసుకోండి. వాడినదైతే దవడలు అరిగి పిన్ చుట్టూ సందు ఏర్పడిందేమో చూడండి. సందు ఉంటే ప్రతి బ్రేకుకూ వీపు మీద చరిచినట్టు ఉంటుంది.

పిన్నీసు
కొత్త ట్రక్కు వచ్చాక ఎత్తు సరిచేసుకోవడం మరవవద్దు. ట్రైలర్ అడుగుకూ బెడ్ గోడ పైఅంచుకూ మధ్య ఆరంగుళాలు ఖాళీ ఉండాలి, లేకపోతే గతుకుల దారిలో రెండూ ముద్దాడుకుంటాయి. ఆ ఖాళీ కోసం హిచ్‌ను మరీ పైకి లేపితే ట్రైలర్ ముక్కు ఆకాశం చూస్తుంది, బరువు దాని వెనుక ఇరుసు మీదకు పోతుంది. ఈనాటి ట్రక్కులు ఎత్తైనవి కనుక మధ్యస్థంగా కుదరడానికి రెండు మూడుసార్లు బోల్టులు విప్పి బిగించవలసి వస్తుంది.

ఫ్రిస్కో_బాటసారి
వాడిన హిచ్ ఆలోచన మానుకున్నాను. ట్రక్కు వచ్చాకే హిచ్. మా ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే మిగిలింది: ఎనిమిదడుగుల బెడ్ ఉన్న ట్రక్కు మా గరాజులో పట్టదు, బయట నిలిపితే కాలనీ సంఘం ఏమంటుందో చూడాలి.

సగంటన్ను
హాస్యం పక్కన పెట్టి అడుగుతున్నాను. మీ ముప్పావు టన్ను ట్రక్కు అమ్మకానికి వచ్చినట్టేనా? నాది బంపరుకు తగిలించే 7,400 పౌండ్ల ట్రైలర్. ధర ఎంత చెబుతారు?

తూకంరాయి
ధర తరువాత. మీ ఇంట్లో ఎంతమంది, మొత్తం బరువు ఎంత?